ఇంకా కాలేదంటాడు మా మరిది

ఏటా జనవరిలో, పునీత విన్సెంట్ పండుగ నాడు, మా మరిది సిప్రియన్ నా భర్త చేసిన వైన్ సీసా ఒకటి తెచ్చి నేలపాలు చేస్తాడు. కోపంతో కాదు, మత్తులోనూ కాదు. టోపీ తీసి, తల వంచి, ఎంతో పద్ధతిగా చేస్తాడు. నాకు ఒళ్ళు మండేది ఆ పద్ధతి చూసే.

మా ఇంటి ఆచారం అలాంటిది. మా మామగారు పాటించారు, ఆయనకి ఆయన తండ్రి చెప్పారట. విన్సెంట్ గారు ద్రాక్ష రైతుల్ని కాచే పునీతుడు కాబట్టి ఆ రోజు చర్చిలో పూజ అవగానే అందరం సరాసరి నేలమాళిగకి వస్తాం. ఇంటివాళ్ళ కోసం దాచిన వైన్లలో ఇంకా తాగడానికి తయారుకానివి ఏవున్నాయో చూసి, వాటిలోంచి ఒక్కో సీసా పైకి తీస్తారు. ఇంటి పెద్ద ఒక్కడే బిరడా లాగుతాడు. గ్లాసు అడుగు తడిసేంత పోసుకుని, వాసన చూసి, నోట్లో తిప్పి, ఉమ్మేసి, తీర్పు చెబుతాడు. "అయింది" అంటే అందరికీ గ్లాసులు వస్తాయి. "కాలేదు" అంటే ఇంకెవరూ దాన్ని ముట్టకూడదు. పచ్చి వైన్ తాగినవాడు ఊళ్ళోకి వెళ్ళి మన వైన్ బాగాలేదని చాటుతాడని మా మామగారి భయం. అందుకని తెరిచిన సీసాని అలాగే తీసుకెళ్ళి, ఇంటి వెనక కొండవాలుని మెట్లుగా నిలిపే రాతికట్టల్లో మొదటిదాని మీదున్న ముసలి ద్రాక్ష మోడు మొదట్లో పోసేస్తారు.

నేను చిన్న వయసులో ద్రాక్ష కోతలకని స్పెయిన్ నుంచి ఈ కొండకి వచ్చి, బార్నబేని చేసుకుని ఇక్కడే ఉండిపోయాను. పెళ్ళయిన కొత్తలో మొదటిసారి ఆ పారబోత చూసి, "మాంసంలోనైనా పోసి ఉడకబెట్టుకోవచ్చుగా" అన్నాను. మా మామగారు నా వంక చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. చర్చిలో తుమ్మినట్టు చూశారు. ఆ తర్వాత నా భర్త ఇంటి పెద్ద అయ్యాడు. ఆయనా పారబోశాడు. ఏటా నేను సణిగాను, ఏటా ఆయన నవ్వాడు. అయితే అప్పుడు పారబోసినవి మామూలు సీసాలు. నాకు అంత నొప్పి తెలియలేదు.

బార్నబే వైన్ సంగతి వేరు.

మా కొండ మీద ఎక్కువగా పండేది మూర్వెద్ర్. నల్లటి పండు, మందపు తోలు, మహా మొండిది. దానితో చేసిన వైన్ మొదటి ఏళ్ళలో పచ్చితోలు వాసన, గుర్రాల సాల వాసన వేస్తుంది. నోట్లో పోసుకుంటే వగరు పళ్ళ చిగుళ్ళ దాకా పట్టేస్తుంది. ఆ మొండితనాన్ని కాస్త వంచడానికి గ్రెనాష్ అనే తియ్యటి పండు వైన్‌ని, పూల వాసన కోసం సాన్సో అనేదాన్ని కొద్దికొద్దిగా కలుపుతాం. ఏ పీపాలోంచి ఎంత తీసి కలపాలో బార్నబేకి తెలిసినట్టు మా వైపు ఎవరికీ తెలియదు. ఇది నేను భార్యగా చెప్పడం లేదు, ఆయనంటే పడనివాళ్ళు కూడా అదే అంటారు. ఆయన పోయే ముందు ఏడు, అమ్మకానికి కలపాల్సింది కలిపేశాక, పై కట్ట పండు వైన్‌తో వేరుగా కొంచెం కలుపుకున్నాడు. చంకలో పెట్టుకుని మోయగలిగినంత చిన్న పీపా. "ఇది మనిద్దరికే, కసీల్డా" అన్నాడు. పీపాలోంచి సీసాల్లోకి దిగకముందే ఆయన పోయాడు. తను కలిపింది చివరికి ఎలా తయారైందో ఆయనే చూడలేదు.

పోయే ముందు ఆసుపత్రిలో తమ్ముడి చెయ్యి పట్టుకుని, "అది తయారయ్యాక మీ వదినకి పొయ్యి" అన్నాడు. నాకు చెప్పలేదు, పక్కనే నేనుండగా వాడికి చెప్పాడు. అక్కడే వచ్చింది చిక్కు. దాన్ని నేనే తీసుకుని తాగితే ఎవరూ అడ్డం రారు. నేలమాళిగ తాళం ఎక్కడ తగిలిస్తారో నాకు తెలుసు. కానీ ఆయన మాటని దాటి దొంగతనంగా తాగాక అందులో నాకు ఇంకేం మిగులుతుంది? అందుకే ఊరుకున్నాను. ఊరుకోవడం అంటే నోరు మూసుకోవడం కాదు లెండి.

ఆ చిన్న పీపాలోంచి వచ్చినవి పది సీసాలు. ఇంటి పెద్దరికం సిప్రియన్‌కి వచ్చాక ఏటా ఒకటి చొప్పున ముసలి మోడే తాగింది. కిందటి ఏడు పండుగకి జరిగింది చెబుతాను.

సిప్రియన్ గ్లాసుని కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. ముక్కు దగ్గరికి తెచ్చాడు. నోట్లో తిప్పాడు. మొహం ఎండిన అత్తిపండులా ముడుచుకుంది.

"ఇంకా కాలేదు."

"ఇంకానా?" అన్నాను.

"గట్టిగా ఉంది వదినా. పళ్ళకి పట్టేస్తోంది. మా అన్న కలిపింది అంత తేలిగ్గా లొంగుతుందేంటి?"

"మీ అన్న నాకు రెండు రోజుల్లో లొంగాడు. ఇటివ్వు ఆ గ్లాసు, నేను చూస్తాను."

"వద్దొద్దు. ఇప్పుడు తాగావంటే దాని మీద నీకు అసహ్యం పుడుతుంది."

"ఇప్పుడు నీ మీద పుడుతోంది."

సిప్రియన్ కూతురు ఎస్తెల్ గోడవైపు తిరిగి నవ్వు ఆపుకుంది. అమ్మకాలన్నీ ఆ పిల్లే చూసుకుంటుంది, తండ్రి మాటకి ఎదురు చెప్పదు.

"ఎప్పటికి అవుతుందో అదైనా చెప్పు" అన్నాను.

"ఎలా చెప్పను? మూర్వెద్ర్ కదా. ఇరవై ఏళ్ళయినా ఆగుతుంది."

"అది ఆగుతుంది నాయనా. నేను ఆగొద్దూ? నా మోకాళ్ళు చూశావా?"

"నీకేంటి వదినా, మమ్మల్నందర్నీ సాగనంపి వెళ్తావు" అంటూ టోపీ తీసి, సీసా పట్టుకుని పెరట్లోకి నడిచాడు. వెనకే నేనూ వెళ్ళాను. మోడు మొదట్లో మట్టి ఆ వైన్‌ని గుటుక్కున తాగేసింది. ఆ మట్టి నాకంటే అదృష్టవంతురాలు అనుకున్నాను. సీసా అడుగున మిగిలిన బొట్టు కూడా విదిలించి మరీ పోశాడు మహానుభావుడు.

ఇంకా మూడు సీసాలు మిగిలాయి. ఈ లెక్కన మూడు పండుగలు పోతే ఆ వైన్ ఎలా ఉంటుందో ఈ లోకంలో ఒక మోడుకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఏడు కోతలయ్యాక, అక్టోబరులో, తులోన్ రేవు దగ్గర హోటలు నడిపే పాస్తొరెలి గారు వైన్ రుచి చూడ్డానికి వచ్చారు. ఎస్తెల్ పన్ను పీకించుకోవడానికి వెళ్ళింది. అందుకని రొట్టె, ఆలివ్‌లు, సాసేజ్ ముక్కలు పెట్టే పని నా మీద పడింది. సిప్రియన్ మూడేళ్ళ కిందటి సీసా ఒకటి తీసి, బిరడా లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఇద్దరికీ పోశాడు.

బల్లకి ఈ చివర నిలబడ్డ నాకే వాసన గుప్పుమంది. నేల తుడిచిన గుడ్డ బకెట్లో వారం రోజులు మర్చిపోతే ఎలా కుళ్ళుతుంది? అచ్చం అదే. బిరడా చెడిపోతే అలా జరుగుతుంది, సీసా మొత్తం పాడైపోతుంది, దానికి మందు లేదు. మా ఊళ్ళో పెద్దవాళ్ళకే కాదు, పిల్లలకీ తెలుసు ఈ సంగతి.

పాస్తొరెలి గారి ముక్కుపుటాలు అదిరాయి. సిప్రియన్ మాత్రం గర్వంగా చూశాడు.

"చూశారా? అసలైన మూర్వెద్ర్! తోలు, అడవి, గుర్రం."

"అవునవును" అన్నారు ఆయన మర్యాదగా. "గుర్రం... కాస్త తడిసిన గుర్రమేమో?"

"ఆ ఏడు వానలు ఎక్కువండి!"

"ఓహో."

"నాలుగేళ్ళు ఆగండి, ఆ వాసన ఎగిరిపోతుంది."

నాలుగేళ్ళు కాదు, నలభై ఏళ్ళు ఆగినా తుడుపు గుడ్డ తుడుపు గుడ్డే. అయినా ఆ పెద్దమనిషి తల ఊపి ఇంకో గుక్క తాగారు పాపం. మా వైపు ఇదో జబ్బు. మూర్వెద్ర్ చిన్నప్పుడు కంపు కొట్టడం మామూలు కాబట్టి, ఎలాంటి కంపు వచ్చినా అది దాని గుణమే అనుకుంటారు. "ఆగండి" అంటే చాలు, ఎదురు మాట్లాడేవాడు ఉండడు. మాట్లాడితే వైన్ తెలియనివాడనుకుంటారని భయం.

నేను సాసేజ్ పళ్ళెం పెడుతున్నట్టు పెడుతూ మోచేత్తో సీసాని తోశాను. భళ్ళున కింద పడింది.

"వదినా!"

"అయ్యో, చెయ్యి తగిలింది. ఇంకోటి తీస్తాలే."

అదే రకం ఇంకో సీసా తెచ్చాను. ఇది శుభ్రంగా ఉంది. అడవి మొక్కల వాసన, పండిన పండు వాసన, వెనకెక్కడో తోలు. పాస్తొరెలి గారి మొహం విప్పారింది. సిప్రియన్ మళ్ళీ కళ్ళు మూసుకుని, మళ్ళీ ముక్కు పెట్టి, "చూశారా? తోలు, అడవి, గుర్రం" అన్నాడు. అవే మాటలు, అదే వరసలో. "నాలుగేళ్ళు ఆగండి" అని కూడా అన్నాడు.

నా చేతిలో రొట్టె కోసే కత్తి అలాగే ఆగిపోయింది.

భార్య వదిలేసి మార్సెయ్ వెళ్ళిపోయినప్పటి నుంచి సిప్రియన్ శుక్రవారం మధ్యాహ్నం నా దగ్గరే తింటాడు. శుక్రవారం అంటే మా ఇంట్లో అయోలీ: ఉడికించిన చేప, క్యారెట్లు, బంగాళాదుంపలు, వాటి మీదకి వెల్లుల్లి నూరి ఆలివ్ నూనెలో చిలికిన ముద్ద. వెల్లుల్లి కంపు వీధి చివరకి వెళ్ళాలి, లేకపోతే అది అయోలీ కాదు. పాస్తొరెలి గారు వచ్చి వెళ్ళిన తర్వాతి శుక్రవారం నేను గుడ్డు సొన, నూనె చిలికి, కాస్త మంట కోసం ఆవపిండి వేసి, వెల్లుల్లి మాత్రం ఒక్క రెబ్బ కూడా వెయ్యకుండా చేశాను. రోలు కూడా ముందు రోజే కడిగేశాను, పాత వాసన లేకుండా.

సిప్రియన్ చేప మీద ఇంత పులుముకుని నోట్లో పెట్టుకున్నాడు.

"అబ్బ! ఈ రోజు వెల్లుల్లి దంచేశావు వదినా. సాయంత్రం ఇనప బంతులాటకి వెళ్తే నా పక్కకి ఒక్కడూ రాడు."

"బాగుందా?"

"బ్రహ్మాండం."

"అందులో వెల్లుల్లి లేదు."

అతని ఫోర్కు గాల్లో ఆగింది.

"ఒక్క రెబ్బ కూడా లేదు" అన్నాను. "ఆవపిండి అది."

"నాకు జలుబుగా ఉంది."

"ఎప్పటి నుంచి?"

"నిన్నటి నుంచి."

"సిప్రియన్."

బంగాళాదుంపని ఫోర్కుతో నలిపాడు, ఇంకా నలిపాడు, గుజ్జు చేసేశాడు. తర్వాత, "అన్న చనిపోయిన ఆ చలికాలంలో నాకు జ్వరం వచ్చింది కదా" అన్నాడు. "అది తగ్గింది. ముక్కు తిరిగి రాలేదు."

నాకు జాలి వేయలేదు. వేయాల్సిందేమో. నాకు వచ్చింది ఒళ్ళంతా పాకిన చిరాకు.

"అంటే ఇన్నేళ్ళూ నువ్వు ఆ సీసాల్ని చూసింది దేంతో?"

"నాలుకతో."

"నాలుకకి ఏం తెలుస్తుందిరా?"

"పులుపు తెలుస్తుంది. వగరు తెలుస్తుంది. అంతే వదినా. ఏ సీసా అయినా ఇనప మేకు నమిలినట్టే ఉంటుంది నాకు. నేను అబద్ధం చెప్పలేదు. నాకు నిజంగానే ఇంకా కాలేదనిపించేది."

"వందేళ్ళ వైన్ పోసినా నీకు కాలేదనే అనిపిస్తుంది! నీ ముక్కు పోయిందని నా మొగుడి వైన్ మోడుకి పోస్తావా? ఏడు సీసాలు! ఏడు!"

"వచ్చే ఏటికి ముక్కు వస్తుందేమో అనుకునేవాణ్ణి. ప్రతి ఏడూ అనుకున్నాను."

"నాకు చెప్పచ్చుగా?"

"చెప్పి?" అన్నాడు. మొదటిసారి గొంతు పెంచాడు. "చెప్పి ఏం చెయ్యను? ముక్కు లేనివాడు నేలమాళిగలో దేనికి? ఎలకలు పట్టడానికా? కలిపే పాళ్ళు అన్న పెట్టినవే. ఏటా అవే కలుపుతున్నాను, మార్చాలంటే నాకేం తెలుస్తుంది? ఎస్తెల్‌కి తెలిస్తే రేపు పట్నం నుంచి ఇంత టై కట్టుకుని వైన్ కలిపేవాణ్ణి తెస్తుంది. అన్న నాకు చెప్పిన పని ఒక్కటే వదినా. అది చెయ్యలేనని నా నోటితో ఎలా చెప్పను?"

"చెయ్యలేకపోయినా చేస్తూనే ఉన్నావుగా, దర్జాగా, టోపీ తీసి!"

ఆవపిండి ముద్ద ఇంకాస్త వేసుకుని తిన్నాడు. అది చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

"ఈసారి పండక్కి గ్లాసు నాకివ్వాలి" అన్నాను. "నేను చూస్తాను. అయితే అయిందంటాను, కాకపోతే కాలేదంటాను. ఎస్తెల్‌కి చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం."

"మా ఇంట్లో ఎప్పుడూ ఆడవాళ్ళు..."

"ఆడవాళ్ళు?"

"ఏం లేదు" అన్నాడు.

ఈ జనవరిలో పండుగ రోజు గాలి విపరీతంగా వీచింది. చర్చి నుంచి వచ్చేసరికి అందరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి. నేలమాళిగలో సిప్రియన్ బిరడా లాగి, గ్లాసు అడుగున పోసి, కాసేపు దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. తర్వాత నా చేతికి ఇచ్చాడు.

"నాన్నా?" అంది ఎస్తెల్.

"నాకు జలుబు."

ఆ పిల్ల తండ్రి వంక చూసింది, నా వంక చూసింది, మళ్ళీ తండ్రి వంక చూసింది. తలమీది ఊలు టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

ఎన్నేళ్ళ నుంచి అడుగుతున్నాను దీని కోసం! గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. తాళం వేసిన ఇంటి ముందు నిలబడ్డట్టు ఉంది. ఇంకాసేపటికి తడి మట్టి, ఎక్కడో పాత జీను. నోట్లో పోసుకున్నాను. జనపనార పెట్టి నాలుకని తోమినట్టయింది. వగరు బుగ్గల్ని లోపలికి లాగేసింది.

అబద్ధం చెప్పాలనిపించింది. అయిందని చెబితే ఇద్దరూ గ్లాసులు పట్టుకుంటారు, ఎస్తెల్ మొహం చిట్లిస్తుంది, సిప్రియన్‌కి ఎలాగూ తెలియదు. ఆ సీసా నాకు దక్కుతుంది. కానీ తయారయ్యాకే పొయ్యమన్నాడు బార్నబే. ఆయన కలిపినదాని గురించి ఆయన వెనక అబద్ధమాడడం నా వల్ల కాలేదు.

"కాలేదు" అన్నాను.

సిప్రియన్ మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

"చూశావా! నేను అన్నానా లేదా?"

"నువ్వు తెలియకుండా అన్నావు."

"ఎలా అంటేనేం, సరిగ్గా అన్నాను. ఏడేళ్ళ నుంచి సరిగ్గా అంటున్నాను!" అంటూ టోపీ తీశాడు. "ఇటివ్వు వదినా, పోసేసి వస్తా."

ఆ టోపీ చూడగానే నాలో ఏదో పట్టుతప్పింది.

"ఇవ్వను."

"ఆచారం కదా."

"మీ ఆచారం మీ తాతలది. ఈ వైన్ నా మొగుడిది. వగరైనా, చేదైనా, విషమైనా నేనే తాగుతా. నీ మోడు నీళ్ళు తాగి బతకమను."

"పెద్దమ్మా, అది పచ్చిగా ఉందని నువ్వే అన్నావుగా" అంది ఎస్తెల్.

"పచ్చిగానే తాగుతా. నేను పుట్టినప్పుడు మాత్రం పండి పుట్టానా?"

సీసాని శాలువా కింద పెట్టుకుని, ఎదురుగాలికి తల వంచుకుని కింద నేనుండే ఇంటికి వచ్చేశాను. వంటింటి బల్ల దగ్గర కోటు కూడా విప్పకుండా ఒక గ్లాసు పోసుకుని పంతం కొద్దీ తాగాను. రెండు గుక్కలు దిగాయి, మూడోది దిగలేదు. ఇన్నేళ్ళు దీనికోసమా పోట్లాడింది అనిపించింది. ఆయన మీద కూడా కోపం వచ్చింది. మనిద్దరికే అన్నవాడివి, మనుషులు తాగేలా కలపొద్దూ? సీసాని అలాగే, మూతైనా పెట్టకుండా, బల్ల మీదే వదిలేశాను. బిరడా ఎలాగూ సిప్రియన్ జేబులోనే ఉండిపోయింది. మర్నాడు మాంసం ఉడికించేటప్పుడు అందులో పోసేద్దామనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మాంసం కోసి, ఉల్లిపాయలు, నారింజ తొక్క వేసి, సీసా అందుకున్నాను. వంచబోయే ముందు వాసన తగిలింది.

గిన్నె మూత పక్కన పెట్టాను. కడిగిన గ్లాసు తెచ్చుకుని కుర్చీలో కూర్చున్నాను.

కంచె మీద ఎండకి మాగిన నల్ల పండ్లు. ఉప్పులో ఊరిన నల్ల ఆలివ్‌లు. బిర్యానీ ఆకు నలిపినట్టు ఘాటు. నిన్నటి పచ్చితోలు ఎక్కడికీ పోలేదు, కానీ అది ఇప్పుడు ఎవరో ఏళ్ళ తరబడి తొడిగి మెత్తబడ్డ చేతి తొడుగులా ఉంది. నోట్లో పోసుకున్నాను. వగరు ఉంది. నిన్న లాగేసింది, ఈ రోజు పట్టుకుంది. మింగాక కూడా చాలాసేపు వదల్లేదు. మధ్యలో ఎక్కడో గ్రెనాష్ తీపి తగిలింది, చివర సాన్సో పూలు. ఏది ఎంత కలిపాడో, ఎందుకు అంతే కలిపాడో నాకు తెలియదు. ఒకటి తక్కువైతే మిగతావి నిలబడవని మాత్రం తెలిసింది.

బార్నబే పక్కన నేను మొదటిసారి కోతకి నిలబడిన రోజు ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎంత పొగరో అనుకున్నాను. రెండో రోజు పొద్దున నత్తల గురించి మొదలుపెట్టాడు, వాన తర్వాత ఎక్కడ దొరుకుతాయి, ఎలా వండాలి అని, ఇక సాయంత్రం దాకా ఆపలేదు. అది తలుచుకుని నవ్వాను. కాసేపు ఏడ్చాను కూడా. తర్వాత ఒక్కసారిగా విషయం అర్థమై కుర్చీలోంచి లేచాను.

ఒక్క రోజు! దానికి కావలసింది ఇరవై ఏళ్ళు కాదు, గాలి తగిలే ఒక్క రోజు! ఈ ఇంట్లో తాతల కాలం నుంచి ఒక్కడంటే ఒక్కడికి ఆ సంగతి తెలియలేదు. ఎలా తెలుస్తుంది? తెరిచిన సీసా తెల్లారేదాకా ఉంటే కదా! తెరవడం, మొహం చిట్లించడం, పారబొయ్యడం. బార్నబే కూడా అంతే చేశాడు, అంత తెలిసినవాడు. దద్దమ్మలు. టోపీలు తీసిన దద్దమ్మలు.

సీసా, రెండు గ్లాసులు పట్టుకుని పైకి వెళ్ళాను. సిప్రియన్ మూడో కట్ట మీద కొమ్మలు కత్తిరిస్తున్నాడు. గాలి ఆగింది, దూరంగా సముద్రం కనిపిస్తోంది.

"కత్తెర పక్కన పెట్టి ఇది తాగు."

"పని మధ్యలో ఏంటి వదినా?"

"తాగమన్నానా!"

తాగాడు. ఉమ్మబోయి ఆగాడు, మింగాడు. మళ్ళీ ఒక గుక్క తీసుకున్నాడు.

"ఏ సీసా ఇది?"

"నిన్నటిదే."

"కాదు."

"నిన్నటిదే అంటున్నాను. వగరుందా?"

"ఉంది. కానీ..." నాలుకని పళ్ళ వెంట తిప్పుకున్నాడు. "కరుకు లేదు. జారుతోంది. మేకు లేదు వదినా ఇందులో. ఏం చేశావు దీన్ని?"

"ఏమీ చెయ్యలేదు. పారబొయ్యలేదు, అంతే."

అతను రాతికట్ట మీద కూలబడ్డాడు. గ్లాసుని రెండు చేతులా పట్టుకున్నాడు. అతనికి కూడా లెక్క అర్థమైందని నాకు తెలిసింది, ఎందుకంటే అతను ఇంటి వెనక మోడు వైపు చూడకుండా ఉండడానికి తెగ తంటాలు పడ్డాడు. ఇంతకాలం తిట్టాలని దాచుకున్నవన్నీ నోటిదాకా వచ్చాయి. తిడితే వినే స్థితిలో లేడు, అందుకని వాటిని మింగేశాను. అది కూడా నాకు విసుగ్గానే ఉంది.

"ఏం వాసన వస్తోంది?" అన్నాడు.

చెప్పాను. నల్ల పండ్లు, బిర్యానీ ఆకు, నల్ల ఆలివ్‌లు.

"ఆలివ్ ఉండదు."

"ఏంటి?"

"అన్న వైన్‌లో ఆలివ్ వాసన ఉండదు. పై కట్ట పండుకి అది రాదు. నువ్వు పొరబడి ఉంటావు, నీ చేతులకి ఆలివ్ నూనె అంటి ఉంటుంది."

"ముక్కు ఉన్నది నీకా, నాకా?"

"నీకే. అయినా సరిగ్గా చూడు."

మళ్ళీ చూశాను. ఆలివే. అదే చెప్పాను. సరేలే అన్నట్టు తల ఊపాడు గానీ ఒప్పుకోలేదు. నేను చెప్పినవన్నీ ఒక్కొక్కటే పెదాల మీద అనుకుంటూ గ్లాసు తాగాడు, ఆ పేర్లు పట్టుకుని వెళ్తే వాసన దొరుకుతుందేమో అన్నట్టు.

"ఇంకా రెండున్నాయి" అన్నాడు. "ఒక్క రోజు గాలికే ఇలా ఉందంటే, పదేళ్ళు ఆగితే..."

"సిప్రియన్!"

"ఊరికే అంటున్నాను."

"ఈస్టర్‌కి ఒకటి తీస్తున్నాం. ఎస్తెల్‌ని కూడా కూర్చోబెట్టి. ఆ పిల్లకి నీ ముక్కు సంగతి నువ్వే చెప్పాలి."

"ఈస్టర్ మరీ దగ్గర వదినా. వేసవిలో యోహాను పండక్కి..."

"ఈస్టర్."

"సరే. రెండోది?"

"రెండోది నీ ఇష్టం. పదేళ్ళు దాచుకో, పాతికేళ్ళు దాచుకో. నేనుంటే నాకూ పొయ్యి."

"ఈస్టర్ సీసాకి బిరడా ముందు రోజు పొద్దున్నే నేను లాగుతాను" అన్నాడు. "ఆ పనికి ముక్కు అక్కర్లేదు."

"లాగు. లాగి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకో. సీసా పట్టుకుని పెరటి తలుపు దాకా వెళ్ళావంటే మాత్రం ఆ చేతులు విరగ్గొడతా."

అతను ఖాళీ గ్లాసు నా ముందుకి చాపాడు. సీసాలో ఉన్నది ఇద్దరికీ సమంగా పోశాను. అతని గ్లాసులో రవ్వంత ఎక్కువ పడింది, వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది.